అమ్మానాన్నల టికెట్ తీసేముందు ఈ లెక్క చూడండి

అమెరికాలో ఉన్న కొడుకో కూతురో అమ్మానాన్నలకు టికెట్ తీసేటప్పుడు మొదట చూసేది ధర. ఆ తర్వాత మొత్తం ప్రయాణం ఎన్ని గంటలో చూస్తారు. రెండూ నచ్చాయంటే టికెట్ అయిపోయినట్టే. ఇటు పెద్దవాళ్లేమో సూట్‌కేసులు తూచుకోవడంలో, ఆవకాయ సీసాలకు కవర్లు చుట్టడంలో మునిగిపోతారు. ఈ హడావిడిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఒకే సీటులో వరసగా ఎన్ని గంటలు కూర్చోవాలి?

అరవై దాటినవాళ్లకు, మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదేనన్నది నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు దూరానికీ సమయానికీ ఉన్న సంబంధం ఏమిటో తెలుసుకోవాలి.

దూరం ఒకటి, సమయం ఇంకొకటి

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే డల్లాస్‌నే తీసుకోండి. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం నుంచి డల్లాస్‌కు అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారం బిగించి చూడండి. అది దాదాపు నిటారుగా పైకి వెళ్లి, ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల దూరం నుంచి అవతలికి దిగుతుంది. ప్రపంచం అవతలి ముఖం అంటాం చూడండి, అక్షరాలా అదే.

కానీ విమానాలు దారం వెంట ఎగరవు. గాలులు, దేశాల గగనతల అనుమతులు, అత్యవసరంగా దిగడానికి విమానాశ్రయాలు... ఇవన్నీ చూసుకుని దారి నిర్ణయిస్తారు. ఇందుకు చక్కటి ఉదాహరణ ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానం. ఎయిరిండియా దాన్ని మొదట అట్లాంటిక్ మీదుగా నడిపేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా తిప్పింది. అప్పుడు దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. అయినా ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది. పడమర నుంచి తూర్పుకు బలంగా వీచే పైగాలులు వెనక నుంచి తోయడమే కారణం. అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పుడు సాధారణంగా కాస్త త్వరగా చేరుతున్నామంటే అదీ ఈ గాలుల చలవే. భూమి తిరగడం వల్ల అని చాలామంది అనుకుంటారు. భూమితోపాటే దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది కాబట్టి అది నిజం కాదు.

ఒక్కోసారి రాజకీయాలూ గంటలు పెంచుతాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేయడంతో ఉత్తర భారతం నుంచి పడమరకు వెళ్లే సర్వీసులు చుట్టు తిరగాల్సి వచ్చింది. కొన్ని మధ్యలో ఇంధనం కోసం ఆగాయి. అందుకే నిరుడు పక్కింటివాళ్లకు పట్టిన సమయమే ఈసారి మీకూ పడుతుందని అనుకోవద్దు. టికెట్ తీసేరోజు ఉన్న సమయాలే చూడండి.

దూరం అదే, కూర్చోవడం వేరు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. హైదరాబాద్ నుంచి డల్లాస్ వెళ్లాలంటే ఎక్కడో ఒకచోట విమానం మారాలి. దుబాయ్‌లో మారితే మొదటి విమానం 2,550 కిలోమీటర్లు, రెండోది 12,900 కిలోమీటర్లు. మొత్తం 15,450. లండన్‌లో మారితే మొదటిది 7,750, రెండోది 7,630. మొత్తం 15,380. రెండు దారుల మధ్య తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు.

గంటల్లో చూస్తే కథ మారిపోతుంది. దుబాయ్ దారిలో మొదట నాలుగు గంటలు, తర్వాత ఏకబిగిన పదహారు గంటలు కూర్చోవాలి. లండన్ దారిలో అటు పది, ఇటు పది. మధ్యలో రెండు మూడు గంటల విరామం ఉంటే ఆ సమయంలో నడుస్తారు, మొహం కడుక్కుంటారు, కాళ్లు చాపుకుంటారు. మోకాళ్లు అరిగినవారికో, కాళ్లలో నీరు దిగేవారికో పది గంటల తర్వాత దొరికే ఆ నడక చాలా విలువైనది.

అలాగని అందరికీ లండనే మంచిదని చెప్పడం లేదు. మధ్యాహ్నం భోజనం చేశాక ఏడెనిమిది గంటలు హాయిగా పడుకోగలిగిన ఆరోగ్యవంతుడికి దుబాయ్ దారి బాగానే ఉంటుంది. మతిమరుపు మొదలైన పెద్దాయనను రెండు మూడు చోట్ల దింపి ఎక్కించడం కంటే, దూరం ఎక్కువైనా ఒకే విమానంలో తీసుకెళ్లడం మేలు. ట్రాన్సిట్ వీసా నిబంధనలు కూడా చూసుకోవాలి. నేను చెప్పేది ఇంతే. మొత్తం ఎన్ని గంటలో చెప్పే అంకె దగ్గరే ఆగకండి. దాన్ని విడగొట్టి, అందులో అతి పొడవైన ముక్క ఎన్ని గంటలో చూడండి. అది మీ వాళ్ల ఒంటికి సరిపోతుందా అని ఆలోచించండి.

టికెట్ మీద కనిపించని గంటలు

టికెట్ మీద ఉదయం నాలుగింటికి బయలుదేరి, అదే రోజు సాయంత్రం నాలుగింటికి డల్లాస్ చేరతారని ఉంటుంది. పన్నెండు గంటలే కదా అనిపిస్తుంది. వేసవిలో డల్లాస్ గడియారం మన కంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. కాబట్టి అసలు ప్రయాణం ఇరవై రెండున్నర గంటలు. చలికాలంలో అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి తేడా పదకొండున్నర గంటలవుతుంది.

ఇక విజయవాడ నుంచో ఖమ్మం నుంచో బయలుదేరేవాళ్ల సంగతి చూడండి. విజయవాడ నుంచి శంషాబాద్‌కు కారులో ఐదారు గంటలు. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. అక్కడ దిగాక ఇమిగ్రేషన్ వరస, సామాను, మళ్లీ కారు... ఇంకో రెండు మూడు గంటలు. అన్నీ కలిపితే మన ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి పిల్లల ఇంటి గడప తొక్కేదాకా ముప్పై మూడు గంటల పైమాటే. ఇందులో ఎక్కువ భాగం కూర్చునే ఉంటారు. కారులో కూర్చున్న ఆరు గంటలను మన మనసు లెక్కపెట్టదు, కాళ్లు మాత్రం లెక్కపెడతాయి. వీలైతే ఒకరోజు ముందే హైదరాబాద్ వచ్చి బంధువుల ఇంట్లో రాత్రి నిద్రపోయి బయలుదేరడం మంచిది.

కాళ్లలో ఏం జరుగుతుంది?

కాళ్లలోని రక్తం పైకి రావాలంటే పిక్కల కండరాలు పిండుతూ ఉండాలి. గంటల తరబడి కదలకపోతే ఆ పని ఆగి, లోపలి సిరల్లో రక్తం నెమ్మదించి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. దీన్నే డీప్ వీన్ థ్రాంబోసిస్ అంటారు. ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి రావచ్చు.

భయపడాల్సినంత తరచుగా ఇది జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణాల తర్వాత ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అయినా మొత్తంమీద ఇది ఆరు వేల మందిలో ఒకరికి మాత్రమే. విమానమే అక్కర్లేదు, బస్సులో, రైల్లో, కారులో కదలకుండా కూర్చున్నా ఇదే జరుగుతుంది. తక్కువ రోజుల్లో ఎక్కువ ప్రయాణాలు చేసినా ముప్పు పెరుగుతుంది.

అయితే కొందరిలో ఇది మామూలు కంటే ఎక్కువ. స్థూలకాయులు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, గతంలో రక్తం గడ్డకట్టినవారు, ఈమధ్యే ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలి. ఈ జాబితాలో చాలామందికి తెలియని అంశం ఒకటుంది. ఎత్తు 1.6 మీటర్ల కంటే, అంటే ఐదడుగుల మూడంగుళాల కంటే తక్కువ ఉన్నవారికీ ముప్పు ఎక్కువే. మన అమ్మల్లో, అమ్మమ్మల్లో చాలామంది ఈ ఎత్తులోపే ఉంటారు. సీటులో కూర్చుంటే వాళ్ల పాదాలు నేలకు సరిగా ఆనవు. సీటు అంచు మోకాలి వెనక ఒత్తుతుంది. దీనికి ఖర్చులేని ఉపాయం ఉంది. చేతిసంచిని పాదాల కింద పీటలా పెట్టుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. విమానం పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం సంచిని ముందు సీటు కిందికి నెట్టాలి.

ముప్పు ఎక్కువున్నవారు మోకాలి కింది వరకు ఉండే బిగుతు మేజోళ్లు వేసుకుంటే ఉపయోగం ఉంటుంది. అవి సరైన కొలతవి కావాలి. కాళ్లకు రక్తసరఫరా తక్కువున్నవారు, మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. అలాగే ఎవరో చెప్పారని ప్రయాణానికి ముందు ఆస్పిరిన్ మొదలుపెట్టడం, హాయిగా పడుకోవచ్చని నిద్రమాత్ర వేసుకోవడం మంచిది కాదు. నిద్రమాత్ర వేసుకున్న మనిషి ఒకే భంగిమలో గంటల తరబడి ఉండిపోతాడు. మనం తప్పించాలనుకున్నది సరిగ్గా అదే.

నీళ్లు తాగని అమ్మ

విమానం లోపలి గాలి మనం అనుకున్నట్టు నేల మీది గాలిలా ఉండదు. దాని ఒత్తిడి సముద్రమట్టానికి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండే గాలితో సమానం. సుమారుగా ఊటీ ఎత్తులో కూర్చున్నట్టు అనుకోండి. ఆరోగ్యవంతులకు ఇబ్బంది తెలియదు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, బాగా రక్తహీనత ఉన్నవారికి మాత్రం ఆయాసం రావచ్చు. నాలుగు అడుగులేస్తేనే రొప్పు వచ్చేవారు, ఈమధ్యే గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, పెద్ద ఆపరేషన్ అయినవారు టికెట్ తీసేముందే డాక్టరుకు చూపించుకోవాలి. అవసరమైతే విమాన సంస్థలు మెడిఫ్ అనే వైద్య పత్రం అడుగుతాయి. అందులో వివరాలు రాసి సంతకం చేయాల్సింది డాక్టరే.

లోపలి గాలిలో తేమ కూడా చాలా తక్కువ, పది నుంచి ఇరవై శాతమే. గొంతు, కళ్లు పొడిబారతాయి. నీళ్లు తాగాలని అందరికీ తెలుసు. అయినా మన ఇళ్లలో ఆడవాళ్లు తాగరు. ఎందుకో మీకూ తెలుసు. కిటికీ పక్కనో మధ్యలోనో సీటు. బాత్రూమ్‌కు వెళ్లాలంటే పక్కన నిద్రపోతున్న ఇద్దరు పరాయివాళ్లను లేపాలి. భాష రాదు, మొహమాటం. అందుకని శంషాబాద్‌లో ఒక గుక్క తాగి, అక్కడ దిగేదాకా గొంతు తడుపుకోరు. దిగేసరికి తలతిప్పు, మలబద్ధకం, ఒక్కోసారి మూత్రంలో మంట.

దీనికి పరిష్కారం టికెట్ తీసేవారి చేతిలోనే ఉంది. అమ్మకు నడవ పక్క సీటు తీసుకోండి. కిటికీలోంచి మేఘాలు చూస్తుందని ముచ్చటపడి కిటికీ సీటు ఇవ్వకండి. సీటు ఎంచుకోవడానికి అదనంగా డబ్బు కట్టమన్నా కట్టండి. నీళ్లు తాగితే గంటన్నర, రెండు గంటలకోసారి లేవాల్సి వస్తుంది. ఆ లేవడమే కాళ్లకు కావలసిన వ్యాయామం. కూర్చున్నచోటే మడమలు ఆనించి పాదాలు పైకి, కిందికి ఆడిస్తుంటే పిక్కలు పనిచేస్తాయి. గుండె, కిడ్నీ సమస్యల వల్ల నీళ్లు తక్కువ తాగమని డాక్టరు చెప్పినవారు మాత్రం ఆ పరిమితిలోనే ఉండాలి.

మాత్రలకు ఏ ఊరి టైము?

పడమరకు వెళ్తుంటే రోజు సాగుతుంది. ఉదయం మాత్ర, రాత్రి మాత్ర అని అలవాటైన మనిషికి రాత్రి ఎప్పుడో అర్థం కాదు. భోజనం ఎన్నిసార్లు పెడతారో తెలియదు. ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఇది పెద్ద చిక్కు. రోజు పొడవైనప్పుడు అదనపు మోతాదు కావాల్సి రావచ్చు. తిరుగు ప్రయాణంలో రోజు కుదించుకుపోతే తగ్గించాల్సి రావచ్చు. ఎంతన్నది పత్రికలో చదివి నిర్ణయించుకునే విషయం కాదు. టికెట్ ప్రింటు తీసుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఏ సమయానికి ఏది వేసుకోవాలో ఆ కాగితం మీదే రాయించుకోండి. దారి పొడవునా ఒక చేతిగడియారాన్ని మన టైములోనే ఉంచితే లెక్క తప్పదు.

ఇన్సులిన్, మాత్రలు, గ్లూకోమీటరు, ప్రిస్క్రిప్షన్ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామాను అరలో చలికి ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. పైగా సూట్‌కేసు ఒకరోజు ఆలస్యంగా వచ్చినా మందు ఆగకూడదు కదా. షుగరు పడిపోతే తినడానికి బిస్కట్లు, గ్లూకోజు కూడా అందుబాటులో ఉంచుకోండి.

టికెట్ తీసేవారికి

- అతి పొడవైన విమాన ముక్క ఎన్ని గంటలో విడిగా చూడండి. అనారోగ్యం ఉన్నవారికి వీలైనంత సమంగా విడిపోయే దారి వెతకండి.
- విమానం మారడానికి గంట లోపు సమయం ఉన్న టికెట్ వద్దు. పెద్దవాళ్లు పరుగెత్తలేరు. రెండు నుంచి నాలుగు గంటలు ఉండాలి.
- డైరెక్ట్, నాన్‌స్టాప్ ఒకటి కాదు. డైరెక్ట్ విమానం మధ్యలో ఆగవచ్చు. నాన్‌స్టాప్ ఆగదు.
- అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే సాధారణంగా ఇమిగ్రేషన్ పూర్తిచేసి, సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి. అందుకే మారడమేదో అమెరికా బయటే అయిపోయి, చివరి విమానం నేరుగా మీ ఊళ్లో దిగేలా చూడండి.
- మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడి టికెట్లయితే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదానికి దిక్కుండదు.
- వీల్‌చైర్ సాయం టికెట్‌తోపాటే అడగండి. అది నామోషీ కాదు. విమానాశ్రయాల్లో కిలోమీటర్ల నడక తప్పుతుంది. అయితే వీల్‌చైర్‌లో వెళ్లినవాళ్లు నిరీక్షణలో ఇంకా ఎక్కువ కూర్చుంటారు. గేటు దగ్గర కాసేపు లేచి నిలబడమని, నాలుగు అడుగులేయమని చెప్పండి.

దిగిన మర్నాడే డ్యూటీయా?

శరీరంలోని గడియారం కొత్త ఊరి సమయానికి రోజుకు సుమారు గంట, గంటన్నర చొప్పునే సర్దుకుంటుంది. పది గంటల పైబడిన తేడా అంటే వారం, ఒక్కోసారి పది రోజులు. తిరిగి తూర్పుకు వచ్చేటప్పుడు చాలామందికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఆ రోజుల్లో పగలు మత్తు, అర్ధరాత్రి మెలకువ, ఆకలి తప్పడం సహజం. పగటి వెలుతురులో నడవడం, స్థానిక సమయానికి తినడం, పగటి నిద్రను అరగంటకు పరిమితం చేసుకోవడం త్వరగా సర్దుకోవడానికి సాయపడతాయి.

ఇక్కడ ఒక మాట సూటిగా అనాలి. మన అమ్మల్లో చాలామంది ఈ ప్రయాణం చేసేది కూతురి పురుడు కోసమో, మనవడిని చూసుకోవడానికో. డెలివరీ తేదీకి రెండు రోజుల ముందు చేరేలా టికెట్ తీసి, దిగిన మర్నాటి నుంచే వంట, పసిబిడ్డ రాత్రి ఏడుపులు ఆమెకు అప్పగించడం సరికాదు. మగతలో ఉన్న మనిషి కొత్త ఇంటి మెట్ల మీద జారి పడవచ్చు. మాత్ర వేసుకున్నానో లేదో మరిచిపోవచ్చు. కనీసం పది రోజుల ముందు పిలిపించుకోండి. మొదటి వారం ఆమెను చుట్టంలా చూడండి.

ప్రయాణం తర్వాత ఒక కాలి పిక్క మాత్రమే వాచినా, నొప్పిగా, వేడిగా అనిపించినా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా ప్రయాణ బడలికని సరిపెట్టుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ ముప్పు సుమారు నాలుగు వారాల వరకూ ఉంటుంది. అక్కడ వైద్య ఖర్చులు ఎక్కువని చాలామంది పెద్దవాళ్లు నొప్పిని దాచుకుంటారు. అందుకే పాత జబ్బులకూ వర్తించే బీమా ముందే తీసుకుని, 'ఏం ఉన్నా చెప్పండి, ఖర్చు గురించి ఆలోచించొద్దు' అని వాళ్లతో నోరు తెరిచి అనండి.

చౌక టికెట్ వెతకడం తప్పు కాదు. మధ్యతరగతి ఇంట్లో పది వేలు మిగిలినా మిగిలినట్టే. కానీ ఆ పది వేల కోసం మూడు విమానాలు మారి, నలభై గంటలు తిరిగి, మధ్య సీటులో ఇరుక్కుని రావాల్సింది డెబ్బై ఏళ్ల మనిషి. ఈసారి టికెట్ ఖాయం చేసేముందు అమ్మకు ఫోన్ చేసి, ఇంట్లో ఎంతసేపు కూర్చుంటే కాళ్లు వాస్తున్నాయో, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కు లేస్తోందో, ఏ మాత్రలు ఏ వేళకు వేసుకుంటోందో అడగండి. ఆ జవాబులు కాగితం మీద రాసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని విమానాలు వెతకండి.